మంచం ఎత్తు

కిందటి వారం మనం ఆ ఇంటివాళ్ళని ఇంటెన్సివ్ కేర్ తలుపు బయట, కాళ్ళు నేలకి బిగించిన ఇనప కుర్చీల వరసలో వదిలి వచ్చాం. తలుపుకి అవతల హెడ్మాస్టరమ్మగారు ఉన్నారు. రిటైరై ఎంతకాలమైనా ఆవిడని అందరూ అలాగే పిలుస్తారు. ఇంట్లోవాళ్ళు కూడా, ఆవిడ వినని చోట. గుండెపోటుతో చేరారు. మందులతో కాస్త తేరుకుంటున్నారనుకునే సమయానికి, నిన్న పొద్దున ఆవిడ గుండె చప్పుడులో డాక్టరమ్మకి కొత్తగా ఒక ఈల వినిపించింది. లోపల ఏదో చెడింది. కవాటం కారుతోందో, గుండె గదుల మధ్య గోడకే చిల్లు పడిందో తేల్చాలి. ఎకోలో బొమ్మ మసకగా వచ్చింది. మెడ నరంలోంచి సన్నటి గొట్టం ఒకటి గుండె దాకా పంపి, ఏ గదిలో ఎంత ఒత్తిడి ఉందో, నిమిషానికి ఎంత రక్తం బయటికి పోతోందో కొలవాలి, సంతకం పెట్టండి అంది.

చిన్నకొడుకు వద్దన్నాడు. పెద్దకొడుకు ఔననలేదు, కాదనలేదు, తమ్ముడి మొహం చూశాడు. నిన్న పొద్దున అడిగిన సంతకం ఇవాళ మధ్యాహ్నానికీ పడలేదు.

చిన్నకొడుకుని ఇంట్లో చంటి అంటారు. జుట్టు నెరిసి, నడుం పట్టేసి, ఇంకో రెండేళ్ళలో కూతురి పెళ్ళి చెయ్యబోతున్న మనిషి చంటి ఏమిటని ఎవరూ అనుకోరు. అతను గొట్టం వద్దనడానికి ఒక కారణం ఉంది. ఆ కారణమే పెద్దకోడలికి రెండు రోజులుగా తిన్నది అరగనివ్వడం లేదు.

రోజూ పొద్దున ఒకరిని, మధ్యాహ్నం ఒకరిని లోపలికి వదులుతారు. మధ్యాహ్నం వేళ చంటి వెళ్తాడు. అతను తల్లి పక్కన నిలబడి "అమ్మా, నేనొచ్చానే" అనగానే, తల పైన తెర మీద బీపీ అంకె తొంభై నుంచి మెల్లగా ఎక్కి నూట పది దాకా పోతుంది. అతను బయటికొచ్చిన కాసేపటికి దిగిపోతుంది. ఒక రోజు కాదు, రోజూ. ఆడపడుచు అద్దం తలుపులోంచి తన కళ్ళతో చూసింది. చూసి ఊరుకోకుండా బంధువులందరూ ఉన్న గ్రూపులో పెట్టింది. అప్పటినుంచి ఫోన్లు. ఏ ఊళ్ళోనో ఉన్న పినతండ్రి కొడుకు కూడా ఫోన్ చేసి, "చంటిని అక్కణ్ణుంచి కదలనివ్వకండి, వాడే మందు" అన్నాడు.

"పెద్దాడు పొద్దున్నే వెళ్ళి కూర్చుంటాడు కదా, అప్పుడు కదలదేం?" అని ఇంకెవరో అడిగారట. ఆడపడుచు ఆ ప్రశ్న కూడా తెచ్చి పెద్ద తమ్ముడికి చదివి వినిపించింది. 

పెద్దకొడుకు ఆ పూట అన్నం సగంలో లేచాడు. 

"అమ్మ ఉన్నదంతా నా దగ్గరే," అన్నాడు చేతులు కడుక్కుంటూ. "నేను వెళ్తే అంకె చలించదు."

"మీరు వెళ్ళి స్టూలు మీద కూర్చుని గోడ చూస్తారు. ఏం చలిస్తుంది?" అంది పెద్దకోడలు. ఓదార్చాలనే మొదలుపెట్టింది, కాని అలా వచ్చింది.

ఆమెకి ఆ అంకె మీద నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్పడానికి ఆధారమూ లేదు. కాలేజీలో చదివిన ఫిజిక్సు పెళ్ళయ్యాక పప్పు కుక్కరు దగ్గర తప్ప ఎక్కడా అక్కరకి రాలేదు. కాని ఒకటి తెలుసు: అత్తగారు క్లాసులో ఫస్టొచ్చిన పిల్లవాణ్ణి చూసి కూడా మొహం చిట్లించేవారు. చంటిని చూసి ఇంత పొంగిపోతారా? పోనీ, చిన్నకొడుకు కదా, పొంగిపోతారేమో. అలా అనుకుని ఊరుకునేది, మధ్యలో ఆ సంతకం లేకపోతే.

"మెడలో గొట్టం ఏంటి అసలు," అంటోంది ఆడపడుచు, వరండాలో ఇనప కుర్చీ మీద బుట్ట సర్దుకుంటూ. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. అంకె బానే ఉంది, వాడు వెళ్తే ఇంకా బానే ఉంటుంది. ఏమ్మా, నువ్వేమంటావు?"

"వదినగారూ, డాక్టరు అడిగింది అంకె ఎంతని కాదు. గుండె రక్తం ఎంత తోస్తోందని."

"రెండూ ఒకటే కదా."

ఒకటో కాదో పెద్దకోడలికీ ఖాయంగా తెలియదు. తెలియకుండా వాదించడం ఆమెకి ఇష్టం ఉండదు. ఈ ఇంట్లో ఆమెకున్న ఏకైక జబ్బు అదే.

ఇంతలో చంటి ఫోన్ చేశాడు. దారిలో ఎక్కడో లారీ అడ్డం తిరిగిందట, బండ్లన్నీ ఆగిపోయాయట. "నేనొచ్చేదాకా ఎవర్నీ లోపలికి పంపకండి, నా టైము పోతుంది" అన్నాడు. కాని టైము చంటిది కాదు, ఆసుపత్రిది. తలుపు తీశారు. పెద్దకొడుకు కదల్లేదు. "నువ్వెళ్ళు" అన్నాడు భార్యతో, గోడ వైపు చూస్తూ.

ఆమె చేతులు కడుక్కుని, నీలం గౌను తొడుక్కుని లోపలికెళ్ళింది.

హెడ్మాస్టరమ్మగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ముక్కూ నోరూ కప్పుతూ మాస్కు. పిలిస్తే రెప్పలు కదులుతాయి, అంతకు మించి లేదు. పెదాలు పగిలి ఉన్నాయి. మాస్కు పట్టీ కింద చెంప మీద ఎర్రగా గాడి పడింది. చెవి పక్క జుట్టు చిక్కులు కట్టింది. చీపురుపుల్ల వంకరగా ఉంటే సరిచేసే మనిషి ఇలా పడుండటం పెద్దకోడలికి చూడబుద్ధి కాలేదు. సంచిలోంచి తడిగుడ్డ తీసింది. మంచం మరీ కిందికి ఉంది. వంగితే ఆమెకీ నడుం పట్టేస్తుంది. పక్కన వైరుకి వేలాడుతున్న బటన్ల పలక కనిపించింది. పైకి బాణం గుర్తున్న దాన్ని నొక్కింది. మంచం మూలుగుతూ లేచింది.

మొహం తుడిచింది. పెదాలకి వాజలీను రాసింది. చిక్కు తీస్తూ యథాలాపంగా తల ఎత్తి చూసింది.

నూట ఎనిమిది.

లోపలికి వచ్చేటప్పుడు తొంభై దగ్గరుంది. ఆమె చెయ్యి జుట్టులో ఆగిపోయింది.

ఇంకెవరైనా అయితే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. అత్తగారికి నా మీద ఇంత ప్రేమ ఉందా అని వరండాలోకి పరిగెత్తి చెప్పేవారు. పెద్దకోడలు అటువంటిదేమీ చెయ్యలేదు. కాపురానికి వచ్చింది మొదలు ఈవిడ నోటి నుంచి ఆమె విన్న అతి పెద్ద మెచ్చుకోలు, "ఇవాళ ఉప్పు సరిపోయింది." అది కూడా రెండో రోజు వెనక్కి తీసుకున్నారు. కోడలు తల దువ్వితే ఆవిడ బీపీ ఎక్కవచ్చు, కాని అది సంతోషంతో మాత్రం కాదు. అయినా మొహంలో ఏమీ కదల్లేదు, ఊపిరి మారలేదు, పక్కనే కొట్టుకుంటున్న నాడి అంకె ఉన్నచోటే ఉంది. ఒక్క బీపీ మాత్రం ఎక్కి కూర్చుంది.

తను చేసిందేమిటి? గుడ్డ తడిపింది. వాజలీను రాసింది. మంచం లేపింది.

కిందికి బాణం గుర్తు నొక్కింది. మంచం దిగింది. తొంభై ఒకటి.

పైకి నొక్కింది. నూట ఎనిమిది.

మళ్ళీ కిందికి నొక్కబోతుంటే పక్క మంచం దగ్గరున్న సిస్టర్ విసవిసా వచ్చింది.

"ఏంటమ్మా ఇది, ఉయ్యాలా? మంచం కదిపితే నన్ను పిలవమని బోర్డు పెట్టాం కదా. మీ ఇంట్లో ఎవరూ బోర్డులు చదవరా? రోజూ ఆ పొడుగు సారు కూడా ఇంతే. నడుం నొప్పి, వంగలేను అంటాడు, లేపేస్తాడు. నేను చూసి దింపేసరికి ఆయన వెళ్ళిపోతాడు."

"రోజూ లేపుతాడా?"

"రోజూ. చెప్తే ఒక్క నిమిషం సిస్టర్ అంటాడు."

సిస్టర్ బటను నొక్కి మంచం దింపేసింది. "డాక్టరుగారు ఎక్కడున్నారు?" అంది పెద్దకోడలు.

డాక్టరమ్మ సన్నటి మనిషి. రెండు రాత్రుల నిద్ర బాకీ ఉన్నట్టు కళ్ళు లోపలికి పోయాయి. పెద్దకోడలు చెప్పింది పూర్తిగా వినకుండానే నుదురు పట్టుకుంది.

"అంటే నిన్నట్నుంచి మీ మరిది నాతో చెప్తున్న 'నేనొస్తే అమ్మ బాగుంటోంది' అన్నది ఇదా?"

"ఇదేనండి."

"నేను అది ఏదో మాటవరసకి అంటున్నారనుకున్నాను. కొడుకు కదా, అలాగే అంటారు అనుకున్నాను." ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. చాలా అలసటగా చూసింది. "వాళ్ళిద్దర్నీ తీసుకురండి. ఒక్కరే అన్న రూలు ఈ పూటకి పక్కన పెడదాం."

చంటి అప్పుడే చేరాడు, చెమటతో. తన వంతు వదిన తీసుకుందని తెలిసి మొహం గంటు పెట్టుకున్నాడు. "నేను లేనందుకు ఎంత పడిపోయిందో ఏమో" అన్నాడు అక్కతో. పెద్దకోడలికి ఆ మాటకి ఒళ్ళు మండింది, కాని జవాబు లోపలుంది కదా అని ఊరుకుంది.

అన్నదమ్ములిద్దరూ మంచానికి చెరోవైపు నిలబడ్డారు. చంటి చెయ్యి అలవాటుగా బటన్ల మీదికి పోయింది.

"అది ముట్టుకోవద్దు సార్," అంది డాక్టరమ్మ. "ఇటు చూడండి. అమ్మగారి మణికట్టు దగ్గర రక్తనాళంలో సన్నటి సూది ఉంది. దానికి గొట్టం, గొట్టం నిండా నీళ్ళు. ఆ నీళ్ళు ఈ పెట్టెలోకి వస్తాయి." ఇనప స్టాండుకి బిగించిన అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్కని చూపించింది. "ఒత్తిడి కొలిచేది ఇది. ఇది ఎప్పుడూ గుండెకి సమానమైన ఎత్తులో ఉండాలి. నేనిప్పుడు అమ్మగారిని ముట్టుకోను, మంచాన్నీ ముట్టుకోను."

మర వదులు చేసి పెట్టెని స్టాండు మీద జానెడు పైకి జరిపింది. తెర మీద అంకె జారింది. ఎనభై. డెబ్బై ఎనిమిది. పెద్దకొడుకు "అయ్యో" అన్నాడు. ఆవిడ పెట్టెని కిందికి లాగింది. తొంభై, నూరు, నూట పది దాటింది. హెడ్మాస్టరమ్మగారు అదే మొహంతో, అదే ఊపిరితో పడుకుని ఉన్నారు.

"మీరు మంచం లేపితే గుండె పైకి పోతుంది, పెట్టె కిందే ఉంటుంది. మధ్యలో నీళ్ళ బరువు పెట్టె మీద పడి అంకె పెరుగుతుంది. అంతే."

మేడ మీద ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కింద కుళాయి అంత జోరు, అనుకుంది పెద్దకోడలు. ఇంత చిన్న సంగతి. దీనికి బంధువులందరి ఫోన్లూ, సగం తిని లేచిన అన్నమూ, ఒక రోజు వృథా.

చంటి పెట్టెనీ, తెరనీ, తల్లినీ మార్చి మార్చి చూశాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి అంత తొందరగా వదలడు. "నడుం నొప్పని లేపాను," అన్నాడు. "అయినా డాక్టరుగారూ, తొంభై అయినా బాగానే ఉన్నట్టే కదా. ఇంకా గొట్టం ఎందుకు?"

"ఆ తొంభై కూడా మందుతో నిలబెట్టింది. మీరు ఇంట్లో మొక్కలకి నీళ్ళు పెడతారా?"

"మా ఆవిడ పెడుతుంది."

"గొట్టం చివర వేలితో నొక్కితే నీళ్ళు దూరం చిమ్ముతాయి. చూస్తే చాలా జోరుగా ఉంటాయి. కాని బకెట్ పెట్టి చూడండి, నిండదు. మేమిచ్చే మందు రక్తనాళాలని అలా నొక్కి పట్టింది. అంకె నిలబడింది. బకెట్ నిండుతోందో లేదో నాకు తెలీడం లేదు. మూత్రం తగ్గిపోయింది. మనిషి మగతలోకి పోతున్నారు." ఆవిడ మంచం చివరకి వెళ్ళి దుప్పటి ఎత్తింది. "వచ్చి అమ్మగారి పాదాలు పట్టుకోండి. ఇద్దరూ."

ఇద్దరూ వెళ్ళారు. పెద్దకొడుకు కుడి పాదం పట్టుకున్నాడు, చంటి ఎడమది. ఇన్నాళ్ళూ మొహమూ తెరా చూశారు గాని దుప్పటి కింద ఏముందో ఇద్దరూ చూడలేదు. పాదాలు చల్లగా, తడి సిమెంటులా ఉన్నాయి. చంటి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ తనే పెట్టాడు. అరచేతులు రెండూ చేర్చి రుద్దడం మొదలుపెట్టాడు.

"ఇలా ఎప్పట్నుంచుంది?" అన్నాడు పెద్దకొడుకు.

"నిన్నట్నుంచి. నిన్న కూడా చెప్పాను సార్. మీరు తెర చూస్తున్నారు."

రుద్దుతూనే చంటి అడిగాడు, తల ఎత్తకుండా. "అయితే నేను వచ్చి పిలిచినప్పుడు అమ్మకి తెలీనే తెలీదా?"

డాక్టరమ్మ గొంతు మొదటిసారి మెత్తబడింది. "తెలిసే ఉంటుంది. పిలిస్తే రెప్పలు కదుపుతున్నారు కదా. దాన్ని ఈ పెట్టె చెప్పదు."

ఇక సంతకమే మిగిలింది. సిస్టర్ కాగితమూ కలమూ తెచ్చి పెద్దకొడుకు చేతిలో పెట్టింది. పెద్దకొడుకు కాగితం చూశాడు. తరవాత తల తిప్పి తమ్ముణ్ణి చూశాడు.

పెద్దకోడలికి ఓపిక అక్కడితో తీరిపోయింది. కర్ర విరగకూడదు, పాము చావకూడదు అనే ఈయన ధోరణితో ఇల్లు నడిపింది; కూతురి చదువు, వాకిలి గేటు రంగు, అన్నీ ఇలాగే తేలాయి, లేదా తేలకుండా పోయాయి. "వాణ్ణేం చూస్తారు?" అంది, గొంతు పెంచకుండా. "అంకె వాడి మాట వినలేదు. మీ మాటా వినలేదు. అది మంచం మాట వింది. ఇప్పుడు ఎవరి మీద ప్రేమ ఎక్కువో తేలితే గాని సంతకం పడదా?"

"తేడా వస్తే రేపు అందరూ నన్నే అంటారు," అన్నాడతను.

"అంటారు. నన్నూ అంటారు. నన్ను ఎప్పుడనలేదు గనక."

చంటి తల్లి పాదం వదలకుండానే అన్నాడు, "పెట్టెయ్ అన్నయ్యా. నేను కూడా పక్కన పెడతాను."

పెట్టారు. ముందు పెద్దవాడు, కింద చిన్నవాడు, ఒకరి పేరు మీదికి ఒకరి పేరు ఎక్కేట్టు. పచ్చటి తెర చుట్టూ లాగి, అందర్నీ బయటికి పంపేశారు.

వరండాలో ఆడపడుచు ఫోన్ చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది. "ఎంతకొచ్చింది? నూట పది దాటిందా?"

"మంచం ఎంత లేపితే అంత దాటుతుంది వదినగారూ," అంది పెద్దకోడలు, పక్కన కూలబడి. "ఆ సంగతి కూడా గ్రూపులో పెట్టండి."

చంటి జరిగిందంతా అక్కకి చెప్పాడు. అతనే చెప్పడం నయమైంది. ఇంకెవరు చెప్పినా ఆవిడ నమ్మేది కాదు. విన్నాక ఆవిడ ఫోన్ బుట్టలో పడేసింది. "మరి ఇప్పుడు వాళ్ళందరికీ ఏం చెప్పను?" అంది. పెద్దకొడుకు తమ్ముడి పక్క కుర్చీలోకి మారి కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే గోడ చూశారు. గొట్టం ఇప్పుడు ఎంతవరకు వెళ్ళుంటుంది, నరంలో ఉందా, గుండెలోకి దిగిందా అని పెద్దకోడలు మనసులో దాని వెంట నడుస్తోంది. దాని చివర ఏం దొరికితే బాగుణ్ణో కూడా ఆమెకి తెలియడం లేదు. కారే కవాటం మేలా, చిల్లుపడ్డ గోడ మేలా? ఇలాంటి కోరిక ఎవరైనా ఎలా కోరుకుంటారు?

తలుపు తీసుకుని డాక్టరమ్మ బయటికి వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగింది గాని కుర్చీలో కూర్చోలేదు; అంటే తొందర.

"గొట్టం ఏ ఇబ్బందీ లేకుండా వెళ్ళింది. మంచి పని చేశారు. కవాటం కాదు, గోడే. కుడి పక్క పై గదిలోకి వచ్చే రక్తంలో ప్రాణవాయువు తక్కువుంది, ఉండాల్సినట్టే. కింది గదిలోకి రాగానే ఒక్కసారి పెరిగింది. ఎడమ పక్క రక్తం గోడలోంచి ఇటు కారుతోంది. గుండె తోసేదాంట్లో సగం ఒళ్ళంతటికీ పోకుండా తిరిగి ఊపిరితిత్తులకే పోతోంది. అందుకే ఆ పాదాలు. సర్జన్‌కి చెప్పాను, వస్తున్నారు."

"ఆపరేషనా?" అన్నాడు పెద్దకొడుకు.

"తప్పదు. ఎప్పుడన్నదే ప్రశ్న. గుండెపోటు వచ్చిన కొత్తలో ఆ గోడ నానిన అట్టలా ఉంటుంది, కుట్టు వేస్తే చిరిగిపోతుంది. రోజులు గడిచేకొద్దీ అంచులు గట్టిపడతాయి. అందుకని నాకు ఒకటి సరిగ్గా తెలియాలి." ఆవిడ అందరి మొహాలూ చూసింది. "మీరు తీసుకొచ్చిన రోజే పోటు వచ్చిందని చెప్పారు. ఆ రోజు రక్తపరీక్ష చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అది ఆ రోజుది కాదు. అంతకు ముందే వచ్చింది. ఎన్నాళ్ళ ముందో తెలిస్తే గోడ ఎంత గట్టిగా ఉందో సర్జన్ అంచనా వేసుకుంటారు. దాన్నిబట్టే ఇవాళ ముట్టుకోవాలా, యంత్రం సాయంతో ఆగాలా అన్నది తేలుతుంది. ముందు రోజుల్లో ఆవిడ ఛాతీ నొప్పి అన్నారా? చెమటలు పట్టడం, వాంతి, ఏమైనా?"

"మాకేం చెప్పలేదండి," అన్నాడు పెద్దకొడుకు. "మా ఇంట్లో అయితే..." అని ఆగాడు.

పెద్దకోడలు కూడా అక్కడే ఆగింది. ఆసుపత్రిలో చేరే ముందు వారం అత్తగారు తమ ఇంట్లో లేరు. మనవరాలి దగ్గర నాలుగు రోజులుండి వస్తానని చంటి ఇంటికి వెళ్ళారు. అతనే కారులో తెచ్చి దింపాడు. గుమ్మం ఎక్కేటప్పుడు ఆవిడ గోడ పట్టుకున్నారు. ప్రయాణం బడలిక అన్నారు. 

ఆమె మరిది వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఇందాక పాదాలు రుద్దిన అరచేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

"చంటీ, డాక్టరుగారు అడుగుతున్నారు," అంది.

"నొప్పొచ్చింది," అన్నాడతను. "మా ఇంట్లో ఉండగా, బుధవారం పొద్దున. చాలాసేపు. నేను ఆసుపత్రికి అన్నాను. వద్దంది. ఎవరికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది."

"కన్నకొడుకుని, నాకు చెప్పొద్దందా?" అన్నాడు పెద్దకొడుకు, లేచి నిలబడి.

చంటి అన్న వైపు చూడలేదు. వదిన వైపు చూశాడు.

"నీకని కాదు అన్నయ్యా. వదినకి తెలియకూడదంది."